బాబాయి చేసిన ఇనుప రెక్క

"కదలకురా! నా కంచం ఇంకోసారి బల్లమీద పెట్టు. అదీ... 'గ'! మీ పిన్ని కంచం 'రి'. ఇక మా ఇద్దరికీ శ్రుతి ఎలా కలుస్తుంది?" అన్నాడు బాబాయి.

"ముందు తినండి. కచేరీ తరవాత" అంది పిన్ని.

మా బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. కంటబడ్డదాన్నల్లా స్పానరుతో కొట్టి వినడం, ఆపైన టేపు పెట్టి కొలవడం. చేసేది గ్రిల్సు పని. గేటు బిగించమని పిలిస్తే ముందు ఆ ఇంటి మెట్ల కమ్మీలన్నీ వాయించి, "మూడోదానికి గొంతు బొంగురు, చూపించుకోండి" అని చెప్పి వచ్చేవాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, "పన్నుకేం తొందర లేదు డాక్టరుగారూ, మీ పట్కారు ఒకసారి ఇలా ఇవ్వండి" అన్న ఘనుడు.

సంగీతపాఠశాల హెడ్మాస్టరు వరండాలోకి ఏదైనా శిల్పం చేసిపెట్టమన్నాడు. ఆ రోజుల్లోనే అక్కడి పాటల టీచరమ్మ ఉద్యోగం మానేస్తానని కాగితం రాసిచ్చింది. పాతికేళ్లు పాడిన గొంతుకి ఇప్పుడు పై 'స' అందడం లేదు. పిల్లలు నోళ్లకి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

బాబాయి ఎనిమిది ఇనుప గొట్టాలు వేలాడదీసి, 'స' నుంచి పై 'స' దాకా పలికిద్దామనుకున్నాడు.

"పై 'స'కి సగం గొట్టం చాలుగా?" అన్నాను తెలివిగా.

"తీగయితే సగం. నేనూ అలాగే అనుకుని నిక్షేపంలాంటి గొట్టం తగలేశాను. ఎక్కడో ఆకాశంలో కీచుమంది! గొట్టానికైతే పదిలో ఏడు వంతులు, పైన ఓ పిసరు."

పొడవులు వరసగా తగ్గుతూ వచ్చేసరికి అచ్చం పక్షి రెక్క విప్పినట్టుంది.

"ఈ వంపు నేను గీసింది కాదురా. లెక్కే గీసుకుంది" అని మురిసిపోయాడు.

బిగించిన రోజున హెడ్మాస్టరు ఒక్కో గొట్టం దగ్గరా ఫోను పెట్టి శ్రుతి చూశాడు. ఏడూ సరిపోయాయి. ఎనిమిదోది, పై 'స', శ్రుతి తగ్గింది.

"అర అంగుళం పొడుగుంది, అందుకే కిందికి పలుకుతోంది. కోసెయ్యండి."

"కొయ్యను" అన్నాడు బాబాయి.

నాకు మతిపోయింది. వెంట్రుకవాసి తేడా వచ్చిందని బిగించిన గేటు విప్పుకొచ్చిన మనిషి! పక్కకి లాగాను.

"కొలత తప్పావా బాబాయ్?"

"తప్పడమా? నెల్లాళ్లు ఆ గోడవతల నిలబడి కొలిచాను."

"ఏం కొలిచావు?"

"టీచరమ్మ గొంతు."

ఇంతలో ఆవిడే వచ్చింది. చెక్కసుత్తి అందుకుని, గొట్టాలు ఒక్కొక్కటీ తాకుతూ పాడింది. పై 'స' దగ్గర కళ్లు గట్టిగా మూసుకుంది. గొట్టం మోగింది. గొంతు దానిమీద చక్కగా కూర్చుంది. ఒక్క పిల్లాడూ నవ్వలేదు సరికదా, అందరూ అదే 'స' అందుకున్నారు. ఆవిడ కళ్లు తెరిచి ఎనిమిదో గొట్టాన్ని మళ్లీ కొట్టి చూసుకుంది.

"రేపు అరగంట ముందు రండర్రా. మీకింకా తాళం కుదరడం లేదు" అని పిల్లల్ని గదమాయించింది.

హెడ్మాస్టరు మొహం చిట్లించి మళ్లీ ఫోను తీస్తున్నాడు.

బాబాయి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నువ్వెళ్లి ఆయనకేవైనా కబుర్లు చెప్పరా. ఆ ఫోనులో చార్జింగు అయిపోయేదాకా వదలకు!"