చూద్దాంగారి డబ్బా

ఆయనకు ఆ పేరు ఎవరు పెట్టారో తేల్చడం కష్టం. ఎవరేమడిగినా ‘చూద్దాం’ అంటాడు కాబట్టి చూద్దాంగారయ్యాడు. కాదనే మాట ఆయన నోటికి అలవాటు లేదు. కూరలో ఉప్పెక్కువైందా అని ఒకసారి భార్య అడిగితే కూడా చూద్దాం అన్నాడట, అప్పటికే కంచం ఖాళీ అయిపోయింది. ఆవిడ ఈ సంగతి నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. ఆయనా నవ్వుతాడు.

ఉద్యోగం పార్సిళ్ళ గోదాములో, అక్కడి కంప్యూటర్ల బాగోగులు చూడటం. చాలా ఏళ్ళ కిందట, పెట్టెల మీద అంటించే చీటీలు అచ్చువేయడానికి ఒక ప్రోగ్రాం రాశాడు. పై అంతస్తులో తన గదిలో అది చక్కగా నడిచింది. కింద గోదాములో పెట్టేసరికి మొరాయించింది. నా మిషన్ మీద బాగానే పనిచేస్తోందండీ అని చూద్దాంగారు మొత్తుకున్నాడు. అయితే తమరి మిషన్‌నే కిందికి మోసుకురండి, లారీ ఆగి ఉంది అన్నాడు గోదాం మేస్త్రి. హమాలీలందరూ విరగబడి నవ్వారు.

ఆ నవ్వు ఆయనకు బాగా గుచ్చుకుంది. ప్రోగ్రాంతో పాటు దానికి కావలసిన సరంజామా మొత్తం ఒకే డబ్బాలో సర్ది మూత బిగించేస్తే, ఆ డబ్బా ఏ మిషన్ మీద పెట్టినా ఒకేలా నడుస్తుంది కదా అనుకున్నాడు. అలా డబ్బాలు కట్టే పనిముట్టొకటి తయారుచేశాడు. దాని లోపలి రాత అంతా నెట్‌లో బాహాటంగా పెట్టేశాడు. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, మనసు విరిగితే మొత్తం నకలు తీసుకుపోయి వేరు కుంపటి పెట్టుకోవచ్చు. ఆఖరిది ఆయన అప్పట్లో అంతగా పట్టించుకోలేదు.

డబ్బా ఊరూరా పాకింది. గ్రంథాలయాల వాళ్ళు, రక్తపరీక్షల ల్యాబుల వాళ్ళు, ఓడల నమూనాలు గీసే ఆఫీసుల వాళ్ళు వాడటం మొదలుపెట్టారు. వాడేవాళ్ళు ఊరుకుంటారా? డబ్బా బరువు తగ్గించమని ఒకరు, తొందరగా తెరుచుకోవాలని ఇంకొకరు, కొత్త రకం చిప్‌ల మీద కూడా నడవాలని మరొకరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. వాటన్నిటికీ చూద్దాం అని జవాబిచ్చి, ‘ముందుముందు’ అనే పేజీలో ఎక్కించేవాడు. చేయబోయే పనులన్నీ అందులో ఉంటాయన్నమాట. పేజీ కొండవీటి చాంతాడంత అయింది. ప్రతి పని పక్కనా బాధ్యుడు ఎవరన్న చోట ఆయన పేరే ఉండేది.

సాయానికి ఇద్దరు చేరారు. ఒకరు పళ్ళ డాక్టరు. క్లినిక్‌లో రోగులు లేనప్పుడు డబ్బా ఎలా వాడాలో వివరిస్తూ పాఠాలు రాస్తాడు, పన్ను పీకేవాడిలాగే ముందు ధైర్యం చెప్పి తర్వాత అసలు విషయంలోకి దిగుతాడు. రెండో మనిషి ఓడల ఆఫీసులో ఇంజినీరు, ఒక పసిపిల్ల తల్లి. ఏ మార్పు చూసినా ఎందుకు అని అడుగుతుంది కనక ఆమెను ఎందుకమ్మాయి అనేవారు. కొన్నాళ్ళకు డబ్బాలో సగానికి పైగా పని ఆమే చేస్తోందని అందరికీ తెలుసు. చూద్దాంగారికి అందరికంటే బాగా తెలుసు.

అయినా ఒక్క పని మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. మార్పులన్నీ కలిపి కొత్త విడుదల తయారుచేసి లోకం మీదికి వదలడం ఆయన వంతు. దానికి ఆయన ఇంట్లో మెట్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. పక్క రేకు ఊడిపోయి, ఫ్యాను గురకపెడుతూ ఉంటుంది. దాన్ని ఆపకూడదు, తుడవకూడదు, కదపకూడదు. ఇంటికొచ్చిన చుట్టాలు చీపురు పట్టుకుని అటు వెళ్తే ఈయన పైప్రాణాలు పైనే పోయేవి.

అసలు గుట్టు ఏమిటంటే, విడుదల తయారయ్యేది ఆ మిషన్ మీద ఒక్కదాని మీదే. ఏళ్ళ తరబడి అక్కడో అతుకు, ఇక్కడో మాటు వేసుకుంటూ వచ్చాడు. ఏ అతుకు దేన్ని పట్టుకుని ఉందో ఆయనకే గుర్తులేదు. ఏ ప్రోగ్రామైనా ఏ మిషన్ మీదైనా నడవాలని పుట్టిన పనిముట్టు, తాను మాత్రం మెట్ల కింద తప్ప ఇంకెక్కడా పుట్టలేని స్థితికి వచ్చింది. గోదాం మేస్త్రికి తెలిస్తే ఏమంటాడో అని తలుచుకుంటేనే చూద్దాంగారికి చెవులు వేడెక్కేవి.

గుట్టు దాదాపు బయటపడిన సందర్భం ఒకటి వచ్చింది. ఆయన సిగ్నల్ లేని దారిలో రైల్లో ఉండగా డబ్బాలో ఒక ప్రమాదకరమైన లోపం బయటపడింది, పరాయివాళ్ళు చొరబడగలిగేంత కంత. ఎందుకమ్మాయి పిల్లను ఒళ్ళో వేసుకుని గబగబా దాన్ని పూడ్చేసింది. విడుదల చేద్దామని చూస్తే ఆమె మిషన్ మీద అది తయారుకాదే. ఆయన ఇల్లు చేరేదాకా వాడేవాళ్ళందరూ అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని కూర్చున్నారు. మీ దగ్గర ఎలా అవుతోంది, నా దగ్గర ఎందుకు కావట్లేదు అని ఆమె తర్వాత అడిగింది. చూద్దాంగారు నీళ్ళు నమిలాడు. చివరికి, “నా మిషన్ మీద బాగానే అవుతోందమ్మా” అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

విడుదల ఎవరి మిషన్ మీదైనా తయారవ్వాలి అని ఆమె ముందుముందు పేజీలో రాసింది. ఆయన దాని పక్కన చూద్దాం అని రాశాడు. మరుసటి ఏడూ అదే మాట రాశాడు.

ఈ ఏడు పథకం ఖరారు చేసే సమావేశానికి ముందు రోజు పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. ముందుగా ఆరోగ్యం అడిగాడు, భార్య నడిపే డ్రైవింగ్ స్కూలు ఎలా సాగుతోందని అడిగాడు. అక్కడే చూద్దాంగారికి అనుమానమొచ్చింది. ఆ తర్వాత డాక్టరు గొంతు తగ్గించి, ఈసారి కూడా ఆ పనికి చూద్దాం అంటే ఎందుకమ్మాయి నకలు తీసుకుని వేరుపడుతుందని, పని తెలిసినవాళ్ళు చాలామంది ఆమె వెనకే వెళ్తారని చెప్పాడు. తను ఎటు ఉంటాడో మాత్రం చెప్పలేదు. 

సాయంత్రం డ్రైవింగ్ స్కూలు కారు వాకిట్లో ఆగగానే ఎదురెళ్ళి, పక్క సీట్లో కూర్చుని భార్యకు అంతా చెప్పుకున్నాడు. ఆవిడ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఓపిగ్గా వింది. ఆ పిల్లకు చేతకాదా అని అడిగింది. నాకంటే బాగా చేస్తుంది అన్నాడు. మరైతే ఏమిటి మీ బాధ అంది. ఆయన తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకును చెప్పుతో నొక్కుతూ కూర్చున్నాడు, నేర్పేవాళ్ళ కోసం అటువైపు కూడా బిగించే బ్రేకు అది.

“రోజంతా నేను కూర్చునేది మీరు కూర్చున్న సీట్లోనే” అంది ఆవిడ. “అక్కడ బ్రేకు ఇచ్చారు గానీ స్టీరింగ్ ఇవ్వలేదు. ఇచ్చుంటే నా దగ్గర ఒక్కరికీ డ్రైవింగ్ వచ్చేది కాదు, అన్ని బళ్ళూ నేనే నడిపేసేదాన్ని.”

ఆయన కాసేపు అలిగాడు. అలకలో కూడా ఆవిడ మాట నిజమేనని తెలుస్తూనే ఉంది.

సమావేశం మర్నాడు పొద్దున. లాప్‌టాప్ తెర మీద పళ్ళ డాక్టరు క్లినిక్ కుర్చీలో కనిపించాడు, రోగులు కూర్చునే కుర్చీ అది. ఎందుకమ్మాయి వెనక దండెం మీద పిల్ల గౌన్లు ఆరుతున్నాయి. మరికొందరు మొహాలు చూపించకుండా వింటున్నారు. బరువు తగ్గించడం గురించి, కొత్త చిప్‌ల గురించి మాటలు నడిచాయి. చూద్దాంగారు దేనికీ అడ్డు చెప్పలేదు, అసలు వినలేదు కూడా. తర్వాత ఆమె వంతు వచ్చింది. ఆమె ఆ పని పేరు చదివి, ఈసారేమంటారు అంకుల్ అని మాత్రం అడిగి ఊరుకుంది. ఎందుకు అని అడగకపోవడం ఆయన అదే మొదటిసారి చూడటం. ఇక అడిగే ఓపిక కూడా పోయిందన్నమాట. ఆయనకు భయమేసింది.

చూద్దాం అన్న మాట అలవాటు చొప్పున నాలుక చివరి దాకా వచ్చింది. గుటక వేసి దాన్ని లోపలికి తోసేశాడు.

“అది మా ఇంట్లో ఈ పాత మిషన్ మీద తప్ప ఎక్కడా అవదమ్మా” అన్నాడు. “ఎందుకవుతోందో నాకే తెలీదు. విప్పి సరిచేయాలంటే చేయొచ్చు, ఎప్పుడో చేయొచ్చు. అది చేస్తే ఇక మీకు నాతో పని ఉండదని చేయలేదు.”

డాక్టరు కుర్చీలో సర్దుకున్నాడు. చూద్దాంగారికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాడు, నవ్వినా తప్పులేదనుకున్నాడు.

ఆమె నవ్వలేదు. “మీతో పని ఎప్పుడో తీరిపోయింది అంకుల్” అంది మెల్లగా. “అది నాకూ తెలుసు, డాక్టర్ గారికీ తెలుసు. మీరు లేకుండా వెళ్ళబుద్ధి కాకే ఇన్నాళ్ళూ ఆగాను. ఇప్పుడా మిషన్ నాకు చూపిస్తారా?”

ఆయన చూపించాడు. లాప్‌టాప్‌ను ఎత్తి పట్టుకుని మెట్ల కిందికి దూరి, నడుం పట్టేసేదాకా ఒక్కో అతుకూ విప్పి చెప్పాడు. చాలాచోట్ల ఎందుకు అని ఆమె అడిగింది, చాలాచోట్ల నాకు తెలీదు అని ఆయన చెప్పాడు. ముందుముందు పేజీలో ఆ పని పక్కన ఆయన పేరు పోయి ఆమె పేరు వచ్చింది. కొట్టేసింది ఆయనే.

మధ్యాహ్నం భార్య భోజనానికి వచ్చేసరికి మొగుడు మెట్ల కింద నుంచి బూజు పట్టిన తలతో బయటికి వస్తున్నాడు. ఏమైందని అడిగింది. విడుదల పని ఆ అమ్మాయికి ఇచ్చేశానని చెప్పాడు.

“మరి మీరు?” అంది ఆవిడ.

“ఉండమన్నారు” అన్నాడు. ఆవిడ దగ్గరికొచ్చి, ఆయన జుట్టులోని బూజు చేత్తోనే దులపసాగింది.