గన్నేరు పూలు నానిన నీళ్ళు

నా చిన్నప్పుడు, బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య ఉన్న మా ఇంట్లో, పిల్లి లేకుండా రోజు గడిచేది కాదు. చెరుకు నరికారంటే చేలల్లోని ఎలుకలన్నీ ఇళ్ళమీద పడేవి. మా నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్ళం. ఇంటిల్లిపాదినీ కసిరే ఆ మనిషి పిల్లిని మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. ఆ ఏడు మా బూడిదరంగు పిల్లి వడ్ల బస్తాల వెనక పిల్లల్ని పెట్టింది. అవి ఇంకా కళ్ళు తెరవలేదు. బడి నుంచి రాగానే సంచీ ఎక్కడో విసిరేసి నేను వాటి దగ్గరే కూర్చునేదాన్ని.

సద్దుల బతుకమ్మకు ముందురోజు కోసుకొచ్చిన పూలు వాడిపోకుండా నీళ్ళలో వేసి ఉంచడం మా వైపు అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. అవ్వ కూడా ఎర్ర గన్నేరు రెమ్మల్ని ఆకులతో సహా గంగాళంలో వేసి అరుగు మీద పెట్టింది. గన్నేరు విషమని ఆమెకు తెలియక కాదు. మేకలు కూడా దాన్ని ముట్టవని మాకు చెప్పిందే ఆమె. ఆ నీళ్ళ సంగతి మాత్రం ఆమెకే కాదు, మా వాడలో ఎవరికీ తోచలేదు.

పాలిచ్చే పిల్లికి దాహం ఎక్కువ. తెల్లవారి చూస్తే అది అరుగు కింద నురగ కక్కుతూ, కాళ్ళు నిలవక పడి ఉంది. గంగాళం చుట్టూ తడి అడుగులు. మా నాన్న సైకిలు మీద పశువుల డాక్టరు కోసం వెళ్ళాడు. ఆ డాక్టరు పండక్కి ఊరెళ్ళాడట. మధ్యాహ్నానికి పిల్లి అవ్వ ఒడిలోనే పోయింది. బస్తాల వెనక నుంచి పిల్లల కూతలు వినబడుతుంటే నేను తట్టుకోలేక చెవులు మూసుకున్నాను.

పక్కింటి అక్క వచ్చి ఏమైందని అడిగితే, "నా పూలే సంపినయి బిడ్డా" అని మాత్రం అంది అవ్వ. అక్క గొంతు తగ్గించింది. "పాము కరిసిందని చెప్పు అవ్వా. పండుగ పూట నీ చేతుల పిల్లి సచ్చిందంటే ఊరంత ఆడిపోసుకుంటది." నాకూ ఆ మాటే నచ్చింది. మా అవ్వను ఎవరూ ఏమీ అనకూడదు, అంతే.

సాయంత్రం ఆడవాళ్ళంతా ఒకచోట చేరారు. గన్నేరు వరసలు తీసేయడంతో మా బతుకమ్మ పొట్టిగా ఉంది. ఎందుకంత చిన్నగా పేర్చావని ఎవరో అడిగారు. అవ్వ తాంబాళం కింద పెట్టి అందరికీ వినబడేలా చెప్పింది.

"మా పిల్లి సచ్చిపోయింది. గన్నేరు పూలు నానేసిన నీళ్లు తాగింది. నేనే పెట్టిన, మూత ఎయ్యలే. మీ ఇండ్లల్ల గా నీళ్లుంటే పారబోయుండ్రి."

పండగపూట చావు మాటలేమిటని ఒక పెద్దామె కసిరింది. అయినా అవ్వ అదే మాట మళ్ళీ చెప్పింది. "మా పోరడు బకీటు కాడనే ఆడుతుండె" అంటూ పక్కింటి అక్క బతుకమ్మను అక్కడే వదిలి పరుగెత్తింది. మేమూ వెనకే పోయాం. వాడికి కాపలా ఉన్న అక్క ముసలి అత్త కునుకు తీస్తోంది. ఏడాది నిండని పిల్లవాడు బకెట్టు పట్టుకుని నిలబడి, మిగిలిన గన్నేరు పూల మధ్య చేతులాడిస్తూ నవ్వుతున్నాడు. ఆ చేతులు నోటిదాకా పోకముందే అక్క వాణ్ణి ఎత్తుకుంది. వాడి చేతులను కడిగి, మళ్ళీ మళ్ళీ కడిగింది. తర్వాత అవ్వ పక్కన కూలబడి ఏడ్చింది. తల్లి లేని ఆ పిల్లికూనలకు దూదితో మేకపాలు పట్టి బతికించింది కూడా ఆ అక్కే.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో మనవరాలి దగ్గర ఉంటున్నాను. ఆ పిల్ల పిల్లిని పెంచుతోంది. ఇంటికి వచ్చేవాళ్ళు తెచ్చే పూలగుత్తుల్లో పెద్ద రేకుల విదేశీ లిల్లీలు వస్తుంటాయి. వాటి పుప్పొడి, జాడీలో నీళ్ళు కూడా పిల్లి ప్రాణం తీస్తాయి. వాటిని గడప దాటనివ్వనంటే వచ్చినవాళ్ళు ముసలిదాని చాదస్తమని నవ్వుతారు. అప్పుడు మా ఇంట్లో, మా చేతులమీదుగానే ఒక పిల్లి ఎలా పోయిందో చెబుతాను. ఇన్నేళ్ళయినా చెప్పిన ప్రతిసారీ సిగ్గేస్తుంది. అయితే అది విన్నాక ఎవరూ నవ్వరు, ఆ పూలను వాళ్ళే బయటికి తీసుకెళ్తారు.