పొడుగు తాటిచెట్టు మీద నా వేగం

కల్లు గీయడంలో నన్ను మించినవాడు మేడిపల్లి చుట్టుపక్కల లేడు. ఈ మాట అనేవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ మాత్రం పోయిన ఎండాకాలం నుంచి ఒకటే పోరు: "యాభై దాటినయ్. గా ఒర్రె వాగు కాడి పొడుగు చెట్టు ఇడిసిపెట్టు. పడ్డవంటె మా గతేంది?"

మా బిడ్డ కోరుట్లలో ఇంటర్ చదువుతోంది. వేగం పాఠం నడుస్తోందట. "బాపూ, నువ్వు ఎక్కుతుంటె వీడియో తీస్త. గ్రాఫ్ గీస్త. అమ్మ చెప్పేది నిజమో, నువ్వు చెప్పేది నిజమో తేలుతది" అంది. నేను చదివింది మూడో తరగతి. కాగితం నన్నేం పట్టుకుంటుందిలే అని ఒప్పుకున్నాను.

తను చెప్పినట్టే ఆ చెట్టు మాను పొడుగునా బారెడుకొక గుడ్డపీలిక కట్టాను. మర్నాడు, వీడియో కదా, మొదట్లో ఉడుతలా ఎగబాకాను. దిగివచ్చి మీసం దువ్వాను.

సాయంత్రం బిడ్డ వీడియోను సెకను సెకనుకూ ఆపి, పీలికల్ని బట్టి ఎత్తు చూసింది. అడ్డంగా సెకన్లు, నిలువుగా ఎత్తు పెట్టి, చుక్కలు కలిపి గీత గీసింది.

"మొత్తం ఎత్తును మొత్తం టైంతోని భాగిస్తె బాపు మంచిగనే ఎక్కిండు."

"విన్నవా?" అన్నాను మా ఆవిడతో.

"ఆగు బాపూ, గది సగటు. ఏ క్షణంల ఎట్ల పోయినవో గిప్పుడు చూద్దాం."

గీతకు ఒక్క చుక్క దగ్గర మాత్రమే తగిలేట్టు స్టీలు స్కేలు ఆనించింది. మొదట్లో స్కేలు దాదాపు నిటారుగా నిలిచింది. "గిక్కడ జోరు." నడుమ వాలింది. ఇంకా పైన అడ్డంగా పడుకుంది. "గిక్కడ ఆగినవ్."

"ఊరు చూసిన బిడ్డా. గాలి మంచిగ అస్తుండె."

ఇంకొంచెం జరిపింది. స్కేలు కుడి కొస కిందికి వాలింది. ఎక్కేటప్పుడు చివరి రెండు పీలికల మధ్య కాలు పట్టు తప్పి జారాను. నడుముకు చుట్టిన మోకు ఆపింది. కింది నుంచి ఎవరు చూస్తారులే అనుకున్నాను. పీలిక నుంచి పీలికకు లెక్కేస్తే పైకే పోయాను మరి. ఆ ఒక్క క్షణమే కిందికి.

"ఎంత జారిండు?" మా ఆవిడ గొంతు చిన్నదైంది.

"మూరెడు."

"గాలి నూకింది" అన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే నాలుగు మాటలనైనా నెగ్గేవాణ్ణి.

మర్నాడు, నాలాగే కల్లు గీసే మా తమ్ముడి దగ్గరికి వెళ్లాను. "గా చెట్టు నువ్వే గీసుకోరా. కల్లు పలుచబడ్డది, నాకు మోజు పోయింది."

వాడు ఎక్కి, కల్లు కుండ లొట్టి అందుకుని రుచి చూసి, పైనుంచే అరిచాడు: "అన్నా! గింత మంచి కల్లును పలుచబడ్డదంటవేంది?"

"మాట్లాడకు. కాలు చూసుకో" అన్నాను.