కొండలు లేని దేశం

మా వదిన పోయింది. ఆ మాట అన్నయ్య ఫోనులో చెప్పినప్పుడు నేను స్లౌ స్టేషన్‌లో లండన్ రైలు కోసం నిలబడి ఉన్నాను. "ఇందాకే వెళ్ళిపోయిందే. నిద్రలోనే," అన్నాడు. తరవాత ఏం మాట్లాడాలో తెలియక, "ఆఫీసుకి బయల్దేరావా?" అని అడిగాడు. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళిపోయింది. ఎక్కాల్సినవాళ్ళంతా ఎక్కేశాక ప్లాట్‌ఫారం మీద నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యాహ్నానికి లీడ్స్ చేరాను.

ఆ రోజు నుంచి వచ్చే ఫోన్లలో అందరిదీ ఒకటే మాట. క్యాన్సర్‌తో వీరనారిలా పోరాడిందట. వింటే నాకు ఒళ్ళు మండుతోంది. మా వదిన ఎవరితోనూ పోరాడలేదు. అంత ఓపిక ఆమెకు మిగల్లేదు. జబ్బు తెలిసిన దగ్గర్నుంచీ ఆమె చేసిన పని ఒక్కటే, పిల్లలతో ఒక ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకోవడం. మీలో ఎవరికీ ఆమె తెలియదు కనక, ఆ ప్రయాణం సంగతి చెబితే ఎలాంటి మనిషో మీకే తెలుస్తుంది.

వదిన లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పు ఎక్కడ జరగబోతుందో ముందే వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఇంట్లోనూ అదే బుద్ధి. పిల్లలకు వేసవి సెలవులిచ్చే సమయానికి విమానం టికెట్లు ముట్టుకోలేం కాబట్టి, హల్ రేవు నుంచి హాలండ్‌లోని రాటర్‌డామ్‌కి పోయే ఓడ పట్టుకునేవాళ్ళు. రాత్రి ఓడలోనే పడుకుంటే ఒక హోటలు ఖర్చు తప్పుతుంది. వాళ్ళ పాత కారును రేవులోనే వదిలేసి, అవతలి ఒడ్డున అద్దె కారు తీసుకునేవాళ్ళు. "మన బండి హల్ దాకా వస్తే అదే పదివేలు," అనేది. ఎప్పుడూ అన్నిటికంటే చిన్న కారే. పిల్లల కాళ్ళు పొడుగయ్యాక పెద్దది చూద్దామనేది.

అద్దె కారు తాళాలు చేతికిస్తే వెంటనే ఎక్కే మనిషి కాదు. పెళ్ళిచూపులకు వచ్చిన అత్తగారిలా దాని చుట్టూ తిరిగి, ఎక్కడెక్కడ గీతలున్నాయో, సొట్టలున్నాయో అన్నీ ఫోటోలు తీసేది. కౌంటర్‌లో అబ్బాయి ఇంకో ఇన్సూరెన్సు, ఇంకాస్త పెద్ద బండి అంటగట్టబోతే నవ్వుతూ "నో థాంక్యూ" అనేది. అతను మళ్ళీ అడిగితే మళ్ళీ అదే నవ్వు. పక్కన అన్నయ్య సిగ్గుతో చచ్చిపోయేవాడు. డిక్కీలో కరెంటు కుక్కరు, సోనా మసూరి బియ్యం, మొదటి రోజుకు పులిహోర. ఏ ఊళ్ళో ఆగినా వంటగది ఉన్న చోటే దిగేది. ఆకలితో ఉన్నవాళ్ళకు ఏ ఊరూ అందంగా కనబడదని ఆమె సిద్ధాంతం.

అంత జాగ్రత్త మనిషీ ఒకసారి దొరికిపోయింది. బెల్జియంలో అద్దె కారు డిక్కీలో కొత్తావకాయ సీసా మూత ఊడి, నూనె అంతా తివాచీలోకి ఇంకింది. శనగపిండి చల్లితే పీల్చేస్తుందని ఊరంతా వెతికి, దొరక్క, చివరికి మైదా చల్లి రుద్దింది. కారు వెనక్కిచ్చేటప్పుడు అక్కడి మనిషి డిక్కీ తెరిచి, వాసన చూసి, ఒక్కసారిగా తుమ్మాడు. "పచ్చడి పెట్టే చేతికి మూత పెట్టడం రాకపోతే ఎట్లా," అని ఇంటికొచ్చేదాకా తనని తానే తిట్టుకుంది. ఎగతాళి చేయడానికి మాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది.

జబ్బు బయటపడిన చలికాలంలోనే స్విట్జర్లాండ్ అంది. కీమో మొదలయ్యాక కూడా మంచం మీద పడుకుని ఫోనులో అద్దె కార్లు చూస్తూనే ఉండేది. నేను ఒకసారి కోప్పడ్డాను, ముందు ఒళ్ళు కుదుటపడనీ అని. వదిన నా వైపు చూసి మెల్లగా అంది: "ఇది కుదుటపడేది కాదు అమ్మాయ్. డాక్టరు నాకు చెప్పేశారు, మీ అన్నయ్యే వినలేదు. పిల్లలు చిన్నవాళ్ళు. వాళ్ళకి నేను మంచం మీద గుర్తుండకూడదు. కార్లో, ముందు సీట్లో, దారి చెబుతూ గుర్తుండాలి. అంతే నాక్కావలసింది." పెద్దవాడికి అప్పుడు పదేళ్ళు. చిన్నదానికి ఆరు.

ఇంతలో కాకినాడలో మా నాన్న పోయారు. అన్నయ్య వెళ్ళి కర్మలన్నీ చేసి వచ్చాడు. ఆ రెండు వారాలూ నేను లీడ్స్‌లో వదిన దగ్గర ఉన్నాను. పెళ్ళయిన కూతుర్ని కనక నాకు మూడు రోజులతో మైల తీరిపోయింది. కొడుకు కనక అన్నయ్యకు ఏడాది. నెలనెలా మాసికం పెట్టాలి, శుభకార్యాలకు పోకూడదు, కొండలెక్కకూడదు. స్విట్జర్లాండ్ సంగతి తెలిసి అమ్మ ఫోనులో, మేమంతా వింటుండగానే, కంగారుపడింది.

"ఏడాది తిరక్కుండా కొండలెక్కకూడదురా. మామూలు కొండలా అవి? ఒకటి జరిగిపోయింది చాలదా?"

అన్నయ్య తల వంచుకుని, "సరేనమ్మా, మానేస్తాం," అన్నాడు. నాకు అరవాలనిపించింది. నాన్నే ఉంటే ముందు మమ్మల్ని ఓడ ఎక్కించి వచ్చేవారు. వచ్చే ఏడాది వెళ్దామని అన్నయ్య అంటుంటే అతని ముఖం చూడలేకపోయాను. వచ్చే ఏడాది ఆ ఇంట్లో ఎవరుంటారో ఎవరుండరో గదిలో అందరికీ తెలుసు. వదిన మాత్రం చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"అత్తయ్యా, కొండ లేకపోతే పర్వాలేదుగా?"

"కొండ లేకుండానా?"

"కొండలు లేని దేశం ఒకటుంది. అంతా చదునే. మన కోనసీమలాగా కాలవలూ, పొలాలూ."

"మరి సముద్రం దాటాలి కదమ్మా," అంది అమ్మ.

"మీ అబ్బాయి కర్మ చేసి సముద్రం దాటే కదా అత్తయ్యా తిరిగొచ్చారు."

అమ్మ ఏడ్చిందో నవ్విందో తెలియదు. "వెళ్ళిరండమ్మా. ఒంట్లో జాగ్రత్త," అని పెట్టేసింది.

ఆ తరవాత వదినకు తగువంతా తేదీలతోనే. మూడు వారాలకొకసారి కీమో. దాని తరవాత వారం పదిరోజులు మనిషి మనిషిలా ఉండదు. మళ్ళీ కాస్త కోలుకునే రోజులు నాలుగైదు. మాసికం తిథి ప్రకారం కనక నెలనెలా తేదీ మారిపోతుంటుంది. ఆస్పత్రికి ఫోను చేసి ఒకసారి, గుడి పంతులుగారికి ఫోను చేసి ఒకసారి అడిగి, కీమోకూ మాసికానికీ మధ్యలో నాలుగు రోజులు సంపాదించింది. ఒక మనిషి నాలుగు రోజులు బతకడానికి ఇంతమందిని అడగాలా అని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

తను నడపలేదు కనక నన్ను రెండో డ్రైవరుగా రమ్మంది. అన్నయ్య వెనక సీట్లో పిల్లల మధ్య ఇరుక్కున్నాడు. రాటర్‌డామ్‌లో కారు తీసుకునేటప్పుడు వదిన బెంచీ మీద కూర్చునే, ఏ మూల ఫోటో తియ్యాలో నాకు చేత్తో చూపించింది. అక్కడ కుడివైపు నడపాలి. మొదటి రౌండెబౌట్ దగ్గర ఆగి, ఎటు తిప్పాలో తెలియక వదిన వైపు చూశాను.

"భయపడకు. ఏ దేశమైనా డ్రైవరు భుజం రోడ్డు మధ్యవైపే ఉండాలి. అదొక్కటి చూసుకో చాలు," అంది.

ఆ రోజంతా అలా భుజం చూసుకుంటూ నడిపాను. ఒక కాలవ గట్టు మీద ఆగి పులిహోర తిన్నాం. వదిన రెండు ముద్దలు తిని, కడుపు నిండిందని అబద్ధం చెప్పింది. తలకు పచ్చటి స్కార్ఫు కట్టుకుంది. పెద్దవాడు "మమ్, ఆర్ వీ లాస్ట్?" అని అడిగినప్పుడల్లా, "మీ అత్త డ్రైవింగు, నా దారి. తప్పిపోతే ఇద్దరికీ చెరిసగం," అనేది. వాడికి తెలుగు అర్థమవుతుంది కనక నవ్వేవాడు. చిన్నది కిటికీలోంచి కనబడిన ప్రతి ఆవుకూ చెయ్యి ఊపింది. ఆ ఒక్క రోజు మాత్రం ఆమె అనుకున్నట్టే జరిగింది.

రెండో రోజు సముద్రపొడ్డుకు తీసుకెళ్తానని పిల్లలకు మాటిచ్చింది. ఇసుకలో ఆడుకోవడానికి బకెట్లు కూడా కొన్నారు. ఇంకో అరగంటలో చేరతామనగా, వదిన బ్యాగులోంచి థర్మామీటరు తీసి నోట్లో పెట్టుకోవడం చూశాను. ముప్ఫై ఎనిమిది సెల్సియస్, అంటే మన లెక్కలో నూరు, దాటితే ఏ ఊళ్ళో ఉన్నా ఆ క్షణమే ఆస్పత్రికి పోవాలని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆమె అంకె చూసింది. వెనక్కి తిరిగి పిల్లల్ని చూసింది. ఒక్క నిమిషం, ఆమె ఆ థర్మామీటరును మళ్ళీ బ్యాగులో పడేసి ఊరుకుంటుందేమోననిపించింది. ఊరుకుంటే బాగుండుననీ నాకనిపించింది. చెప్పకేం.

"సముద్రం వద్దు అమ్మాయ్. తరవాతి ఎగ్జిట్ తీసుకో. అక్కడ ఆస్పత్రి ఉంది," అంది.

అక్కడ ఆస్పత్రి ఉందని ఆమెకు ముందే తెలుసు. అప్పుడు అర్థమైంది, వంటగది కోసమని ఎంచుకున్న ఊళ్ళన్నీ ఆస్పత్రి పక్క ఊళ్ళేనని. ఎగ్జిట్ వైపు బండి తిప్పాను. వెనక చిన్నది బకెట్టు ఒళ్ళో పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

అక్కడివాళ్ళు బాగా చూశారు. కానీ ఇన్ఫెక్షను తగ్గడానికి వారం పట్టింది. మాసికం తిథి ఆ వారంలోనే వచ్చి వెళ్ళిపోయింది. అన్నాళ్ళూ ఏడవని వదిన, మావయ్యగారి మాసికం నా వల్ల తప్పిందని ఆ రోజు ఏడ్చింది. అన్నయ్య భయపడుతూ అమ్మకు ఫోను చేశాడు. "తప్పితే తప్పింది, నాన్న ఏమీ అనుకోరు. ముందు నా కోడల్ని చూసుకో," అంది అమ్మ. లీడ్స్ తిరిగొచ్చాక వదిన మళ్ళీ కారు ముందు సీట్లో కూర్చున్నది ఆస్పత్రికి పోవడానికే. చివరికి అదీ లేదు. కింది గదిలోకి మంచం దించారు. పిల్లలు స్కూలు నుంచి రాగానే ఆ మంచం మీదే బూట్లు విప్పుకునేవాళ్ళు.

అంత్యక్రియలైన మూడో రోజు, పొద్దున్నే చిన్నదాన్ని నా ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను, అమ్మంటే ఏం గుర్తొస్తుందే నీకు అని. దువ్వెన పళ్ళు లెక్కపెడుతున్నది ఆగకుండానే చెప్పింది.

"ది బెడ్. ఇన్ హాలండ్."

నా చేతులు ఆగిపోయాయి. ఇంత చేసి, ఎవరెవరినో అడిగి, సముద్రం దాటించి, వదిన ఈ పిల్లకు మిగిల్చింది మళ్ళీ మంచమే. చిన్నది నా వైపు తిరిగింది. జడ సగంలో విడిపోయింది.

"ఇట్ హాడ్ ఎ బటన్, అత్తా. మమ్ లెట్ మీ డూ ఇట్. షీ వెంట్ అప్ అండ్ డౌన్, అప్ అండ్ డౌన్. డాడ్ కుడన్ట్ స్టాప్ లాఫింగ్. ద నర్స్ టోల్డ్ హిమ్ ఆఫ్!"

నర్సు అన్నయ్యకు చివాట్లు పెట్టిన ఈ సంగతి నేనెరగను. అప్పుడు నేను కారు వెనక్కిచ్చి రావడానికి వెళ్ళి ఉంటాను. నాన్న పోయాక అన్నయ్య నవ్వగా నేను చూడలేదు.

"హౌ డిడ్ షీ గో?" అని అడిగాను.

చిన్నది నా మోకాలి మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి, నా ముఖంలోకి చూసింది. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ నొక్కింది. కూర్చున్నాను.