అక్క కచేరీకి మెషిన్ ఎక్కిళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవైమూడేళ్ళు, మెడలో కంపెనీ బిళ్ళ, భుజాన లాప్‌టాప్ సంచి, అంబత్తూరులో ఉద్యోగం, చేరి ఎనిమిది నెలలు. ఇంతకన్నా మనిషికి ఏం కావాలి? ఇప్పుడు నలభైకి దగ్గరపడి, ఏ చిల్లర్ దగ్గరికి వెళ్ళినా ముందు పది నిమిషాలు నోరు మూసుకుని దాని చప్పుడు వింటూ నిలబడుతున్నాను గానీ, అప్పట్లో వినడమంటే నాకు పడేది కాదు. నాకు చెప్పడమే ఇష్టం. మద్రాసు చూలైలో మా ఇంట్లో అన్నం తింటూ కూడా, పెద్ద పెద్ద భవనాలని చల్లబరిచే సెంట్రిఫ్యూగల్ చిల్లర్ ఎట్లా పనిచేస్తుందో మా అమ్మకి వివరించేవాణ్ణి. "ఊరంతా చల్లగా చేస్తావు సరే, మన వంటింట్లో ఫ్యాను ఎప్పుడు బాగుచేస్తావురా?" అనేది అమ్మ. నేను మళ్ళీ చిల్లర్ దగ్గరికే వచ్చేవాణ్ణి.

అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ముందు గదిలో చాప పరుచుకుని వీధి పిల్లలకి సంగీతం చెప్పేది. మావాళ్ళు ఎన్ని తరాలుగానో మద్రాసువాళ్ళు; ఇంట్లో మాట తెలుగు, రాత అరవం. (తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ముప్ఫై దాటాక, అక్క పోరు పడలేక. ఇందులో తప్పులుంటే ఆవిడనే అడగండి.) అక్క మాత్రం, పాడే కీర్తనలో ప్రతి మాటా తెలిసి పాడాలని చిన్నప్పుడే పట్టుబట్టి నేర్చుకుంది. మార్గళి నెల, అంటే డిసెంబరు, కచేరీల్లో చోటు కోసం ఆరేళ్ళు సంగీత సభల చుట్టూ తిరిగింది. ఆరో ఏడు మైలాపూరులో ఒక సభవాళ్ళు మధ్యాహ్నం రెండు గంటల కచేరీ ఇచ్చారు. మధ్యాహ్నం కచేరీ అంటే తెలుసుగా, టిక్కెట్టు ఉండదు, జనమూ ఉండరు. అయినా అక్క ఆ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు ఇల్లంతా తిరిగింది. "ఒక్కసారి చాలురా తమ్ముడూ. ఒక్కసారి నలుగురి ముందర బాగా పాడితే చాలు" అంది.

సరిగ్గా ఆ సభ హాలుకే మా కంపెనీ కొత్త చిల్లర్ పెట్టింది. దాని సర్జ్ సెట్టింగులు చేసే పని నాకు పడింది. పడింది అనడం అబద్ధం; మా ఆఫీసర్ కాళ్ళావేళ్ళా పడి నేనే తెచ్చుకున్నాను. అక్క పాడే హాలుని తమ్ముడే చల్లబరచాలని నా ముచ్చట. సర్జ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, భయపడకండి. చిల్లర్‌లో ఒక చక్రం గిర్రున తిరుగుతూ గ్యాసుని ఎగదోస్తుంటుంది. హాల్లో జనం ఉంటే దానికి చేతినిండా పని. జనం లేక పని తగ్గిందా, దోయడానికి గ్యాసు చాలదు, ఎగదోసిందే వెనక్కి తన్నుకొస్తుంది. అప్పుడు మెషిన్ 'హూఁ' అని భవనం అదిరేలా మూలుగుతుంది. అదే సర్జ్. ఏ లోడు (అంటే చల్లబరిచే పని) దగ్గర మూలుగు మొదలవుతుందో ముందే కనిపెట్టి, దానికి కాస్త ఇవతల గీత గీసి, ఆ గీత దగ్గరికి రాగానే బైపాస్ వాల్వు తెరుచుకునేలా సెట్టింగు పెట్టాలి. బైపాస్ అంటే, పని లేనప్పుడు కూడా ఉన్నట్టు మెషిన్‌ని నమ్మించే పైపు. (ఇలాంటి పైపులు కొన్ని ఆఫీసుల్లో మనుషులకీ ఉంటాయి.) గీత మరీ ఇవతల గీస్తే కరెంటు దండగ, మరీ అవతల గీస్తే మూలుగు.

హాలు కింద మెషిన్లుండే ప్లాంట్ రూమ్‌ని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్న ఆపరేటర్‌ని అందరూ చెవి మామ అనేవారు. రాయపురం మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని మెషిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడంటే, లోపల ఏ బేరింగు ఆరోగ్యం ఎట్లా ఉందో చెప్పేసేవాడు. సర్జ్‌ని ఆయన ఎక్కిళ్ళు అనేవాడు. కచేరీ రోజు పొద్దున్న ఆరింటికే నేను లాప్‌టాప్ తెరవడం చూసి తల గోక్కున్నాడు. "ఏంది తంబీ, ఈ చలిలో కొలుస్తా ఉండావు? పొద్దుటి పూట మెషిన్ వేడి లాక్కునే టవర్ నీళ్ళు చల్లగా ఉంటాయి, మెషిన్ మంచిగానే ఉంటాది. దాని గుణం చూడాలంటే మజ్జానం చూడు. ఎండకి నీళ్ళు కాగినాయంటే గ్యాసుని ఇంకా ఎత్తుకి తొయ్యాల, అప్పుడు పడతాది ఎక్కిళ్ళు" అన్నాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఎండవేళ కూడా కొలిచి అప్పుడు గీత గీయాలని నా పుస్తకంలోనూ ఉంది. కానీ మధ్యాహ్నం నాకు వేరే పని ఉంది: అక్క కచేరీకి మూడో వరసలో కూర్చోవాలి. ఇస్త్రీ చొక్కా సంచిలోనే ఉంది. "మామా, ఇది కంప్యూటర్ లెక్క, స్క్రూడ్రైవర్ లెక్క కాదు" అన్నాను. (ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.) తొమ్మిదింటికి ఆఫీసర్ వచ్చి నా అంకెలు చూసి, కరెంటు బాగా ఆదా అవుతుందని మెచ్చుకుని, ఎవరూ మార్చకుండా తన పాస్‌వర్డ్‌తో తాళం వేసి, హైదరాబాదు విమానానికి వెళ్ళిపోయాడు.

రెండు గంటలకి హాల్లో ముప్ఫైమంది ఉన్నారు. అందులో పద్నాలుగుమంది మావాళ్ళే. ఇస్త్రీ చొక్కాలో నేను, పక్కన అమ్మ. కచేరీ రికార్డు చేసే పని నాదే కనుక, చిన్న రికార్డరు నొక్కి జేబులో వేసుకున్నాను. వేదిక మీద నీలం పట్టుచీరలో అక్క ఎవరో గొప్పావిడలా కనబడింది. తంబురా శ్రుతి కలిసింది, అక్క కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. అప్పుడు వచ్చింది, ఏసీ గొట్టాల్లోంచి, 'హూఁ' అని. మృదంగం ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. అమ్మ నా మోకాలు పట్టుకుని "ఏమిరా అది?" అంది. నేనప్పటికే లేచి పరుగెత్తుతున్నాను.

కింద చెవి మామ తువ్వాలు నడుముకి బిగించి నిలబడ్డాడు. పొద్దున చెప్పానా అని ఒక్క మాట అనలేదు, అదే ఆయన పెద్దరికం. రెండో టవర్ ఫ్యాను అప్పటికే తిప్పేశాడు. "నీళ్ళు చల్లబడేదానికి పావుగంట పడతాది. అందాకా దీన్ని కాయాల" అన్నాడు. ఆ మాటల్లోనే మెషిన్ ఇంకోసారి మూలిగింది. స్క్రీన్ మీద మూలుగుల లెక్క రెండుకి మారింది. మూడోది వస్తే మెషిన్ తనంతట తాను ఆగిపోతుంది, మళ్ళీ లేవడానికి అరగంట. సెట్టింగు మారుద్దామంటే పాస్‌వర్డ్ ఆకాశంలో ఎగురుతోంది. ఇంతలో సభ సెక్రటరీ తలుపు దగ్గరికొచ్చి, పంచె పైకెత్తి పట్టుకుని, అరవంలో కేకలేశాడు. సాయంత్రం పెద్ద విద్వాంసుడి కచేరీ ఉందట, మెషిన్ దానికి కావాలట. ఇంకొక్కసారి ఆ చప్పుడు వినబడినా, ఏసీ ఆగినా, ఈ మధ్యాహ్నం పాటకి అక్కడితో మంగళం పాడించి తెర దించేస్తాడట. ఆరేళ్ళు తిరిగి తెచ్చుకున్న అక్క కచేరీని, నేను మూడే మూడు గంటల్లో నాశనం చేసి పెట్టాను.

"లోడు కావాలి మామా, వేడి కావాలి" అన్నాను. మామ "వేడి యాడుందో నాకు తెలుసు, దా" అని నా చెయ్యి పట్టి పెరట్లోకి లాక్కుపోయాడు. మద్రాసు సభల సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లోపల హాలు ఖాళీ, బయట క్యాంటీన్ కిటకిట. షామియానా కింద మూడువందలమంది అరిటాకుల ముందు చెమటలు కక్కుతూ పాయసం జుర్రుతున్నారు. మనిషికి ఇన్ని వాట్లు చొప్పున నేను వేళ్ళమీద లెక్కేస్తుంటే, "లావుగా ఉండేవాళ్ళని ముందర పిలవాల్నా తంబీ?" అని అడిగాడు మామ. (నేను ఒక క్షణం నిజంగానే ఆలోచించాను.) తర్వాత ఆయన బెంచీ ఎక్కి అరిచాడు. "సార్లారా, అమ్మల్లారా! ఈడ ఉక్కలో ఎందుకు కష్టపడతారు? లోపల ఏసీ జిల్లుమని ఉండాది, మెత్తటి సీట్లు, తిన్నాక కునుకు తీసినా అడిగేవాడు లేడు!" అదే అరవంలో ఇంకా రసవత్తరంగా అన్నాడు. జుర్రడం ఆపి ఒక పెద్దాయన "ఎవరు పాడతా ఉండేది?" అని అడిగాడు. కంగారులో అక్క పేరు నాకు నోటికి రాలేదు. "మా పెద్దపాప" అన్నాను, ఇంట్లో పిలిచే పేరు. "పెద్దపాపా? మంచిది, పోదాం పదండి" అని చెయ్యి కడుక్కున్నాడాయన. ఆయన లేస్తే ఆయన పంక్తి లేచింది, ఆ పంక్తి లేస్తే పక్క పంక్తి. "ఒక్క పావుగంట కూర్చోండి చాలు" అని ఒక్కొక్కళ్ళనీ బతిమాలుకుంటూ నేను వెనకాల నడిచాను.

తీరా హాలు దగ్గరికొస్తే తలుపులు మూసి ఉన్నాయి. పాట మధ్యలో ఎవర్నీ లోపలికి వదలరు, అది సభ మర్యాద. తలుపు దగ్గరి మనిషి వేలు పెదవులమీద పెట్టుకుని నిలబడ్డాడు. లోపల అక్క రెండో పాట మొదలుపెట్టేసింది. మూడువందలమందీ కాఫీ గ్లాసులతో వరండాలో బారులు తీరారు. నేను మామని అక్కడే కాపలా పెట్టి మళ్ళీ మెషిన్ దగ్గరికి పరుగెత్తాను. స్క్రీన్ మీద మెషిన్ ఎంత లోడులో ఉందో చూపించే చుక్క, మూలుగు గీతని ఒరుసుకుంటూ ఊగుతోంది. అక్క ఎంత బాగా పాడితే రాగం అంత పొడుగు సాగుతుంది, రాగం సాగినకొద్దీ తలుపులు తెరుచుకోవు. తోడబుట్టినదాని పాట తొందరగా అయిపోవాలని మనసారా మొక్కుకున్న తమ్ముడు మద్రాసు పట్నంలో నేనొక్కడినే అయివుంటాను. "అక్కా, ఆపవే. నీకు పుణ్యముంటుంది, ఆపవే" అని పైకే అన్నాను. చివరికి చప్పట్లు వినబడ్డాయి, తర్వాత పైన మూడువందలమంది అడుగుల చప్పుడు. చుక్క మెల్లగా గీతకి దూరం జరిగింది. (మనుషుల ఒంటివేడి కన్నా, వాళ్ళు వచ్చినంతసేపూ బార్లా తెరిచిపెట్టిన తలుపుల్లోంచి వచ్చిన ఉక్కే ఎక్కువ పనిచేసిందని తర్వాత తెలిసింది. నా వాట్ల లెక్క అక్కడా తప్పే.)

జనం లేచిపోతున్నారేమో చూసి రమ్మని మామకి ఫోన్ చేశాను. లోపలికి వెళ్ళి చూసొస్తానన్నవాడు మళ్ళీ అజాపజా లేడు. పావుగంట, అరగంట, ముప్పావుగంట. పళ్ళు నూరుకుంటూ ఒక్కణ్ణే కూర్చున్నాను. కచేరీ అంతా అయ్యాక ఆయన కళ్ళు తుడుచుకుంటూ దిగి వచ్చాడు. "తప్పే తంబీ. లేచి వద్దామనే అనుకున్నా, లేవలేకపోయినా" అన్నాడు. నేను చాలా తిట్టాను. ఆఫీసర్ విమానం దిగి పాస్‌వర్డ్ చెప్పాక, ఈసారి మామని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చెవి సరేనన్నచోట గీత గీశాను. ఆ సాయంత్రం ఇంట్లో అందరం చుట్టూ కూర్చుని రికార్డరు పెట్టుకుంటే, మొదట కాస్త తంబురా, తర్వాత గంటన్నరసేపు చిల్లర్ రొద, మధ్యలో ఒకసారి నా గొంతు: "అక్కా, ఆపవే." అమ్మ నెత్తి కొట్టుకుంది. అక్క నవ్వీ నవ్వీ చాపమీద పడిపోయింది.

ఆ తర్వాత అక్కకి ఏ సభనుంచీ పిలుపు రాలేదు. రెండేళ్ళు మళ్ళీ తిరిగి, విసిగి మానేసింది. ఐదేళ్ళ కిందట గొంతులో గడ్డకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదు, మాట బాగానే ఉంది, పై స్వరాలు మాత్రం పోయాయి. పిల్లలకిప్పుడు వీణమీద వాయించి చెప్తుంది. చెవి మామ కూడా లేడు. కొత్త చిల్లర్లు తమ గీతలు తామే గీసుకుంటున్నాయి, మూలగడం మానేశాయి. ఆ మూలుగు మళ్ళీ వినాలని ఉంటుందంటే మా ఆఫీసులో నన్ను పిచ్చివాడంటారు. అది వినబడిన ఆ మధ్యాహ్నంలోకి ఒక్కసారి వెళ్ళాలని ఉంటుంది, అంతే.

మొన్న మార్గళిలో, ఇన్నేళ్ళుగా మనసులో దాచుకున్న మాట అక్కతో చెప్పేశాను. ఆ జనం నీ పాటకోసం రాలేదే, మెషిన్ కోసం నేనే తోలుకొచ్చాను అన్నాను.

"తెలుసురా" అంది, వీణ తీగ తుడుస్తూ. "రెండో పాట అయినాక మూడునూర్ల మంది ఒకేసారి తేన్చుకుంటా వొస్తే నాకు తెలీదా? సరే, ఎంతసేపు కూచోమన్నావు వాళ్ళని?"

"పావుగంట. నీళ్ళు చల్లబడేదాకా."

"ఆ తర్వాత గంటసేపు పాడినాను. మంగళం అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు." ఆ మాట అంటుంటే అక్క మొహం ఎంత అందంగా ఉందో నాకు చెప్పడం రాదు. తర్వాత నావైపు తిరిగి, "పావుగంటకి నీళ్ళు చల్లబడినాయి కదా, మరి నువ్వెందుకు రాలేదురా?" అని అడిగింది.

నిజమే, నీళ్ళు చల్లబడ్డాయి, చుక్క గీతకి బెత్తెడు దూరంలో కదలకుండా నిలబడింది, అంతా స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది. అయినా తను లేచి వెళితే అక్క పాట ఆగిపోతుందని, ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసి ముద్దవుతుంటే, ఆ గంటసేపూ కుర్చీ అంచున కూర్చుని అంకెలకి కాపలా కాసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంక చాల్లేరా, పైకి పోయి మీ అక్క పాట విను అని వాణ్ణి మెడపట్టి గెంటేవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేకపోయారు.