స్టాప్ సైన్ దగ్గర వణుకు

సోమవారం పొద్దున నా రోడ్ టెస్ట్. శనివారం మధ్యాహ్నానికి కూడా కారు ఆగిన చోటల్లా గజగజ వణుకుతూనే ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే వచ్చే వారం దాకా ఖాళీ లేదన్నాడు. నేను వంటింట్లోంచి గ్యారేజీకీ, గ్యారేజీలోంచి వంటింట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఈ లైసెన్సు నాకు షోకు కాదు. కాకినాడలో నర్సుగా పరుగులు పెట్టినదాన్ని, కెనడాలో ఈ హాలిఫాక్స్ వచ్చాక కిటికీలోంచి పొగమంచు చూస్తూ కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. చివరికి మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకునే ఉద్యోగం దొరికింది. ఒక ఇల్లు హార్బర్‌కి ఇటు, ఇంకో ఇల్లు అటు. బస్సులూ ఫెర్రీలూ ఎక్కి దిగుతూ చేసే పని కాదది. నెలాఖరులోగా లైసెన్సు తెస్తేనే తీసుకుంటామన్నారు.

ఇంతకుముందు ఒకసారి టెస్టు తప్పాను. స్టాప్ సైన్ దగ్గర ఆపగానే స్టీరింగ్ వణికింది, సీటు వణికింది, కారు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసిన కంగారులో పక్కకి చూడకుండా కదిలాను. ఫెయిల్. పక్కన కూర్చున్న ఎగ్జామినర్, నెరిసిన జుట్టు ఆవిడ, "నర్వస్ అయ్యావు, పర్లేదు" అంది ఇంగ్లీషులో, ఎంతో మెత్తగా. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఇంటికొచ్చి కారు బాగాలేదంటే మా ఆయన నవ్వారు.

"ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. నేను డ్రైవ్ చేస్తే బానే ఉంటోందిగా!"

"మీరు హైవే మీద పోతారు. ఆగేదెక్కడ?"

"పాత బండి, కాస్త షేక్ అవుతుందే. నువ్వు టెన్షన్ పడతావు కాబట్టి నీకు ఎక్కువ అనిపిస్తోంది."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఘోరమేమిటంటే, నెమ్మదిగా నేనూ ఆ మాట నమ్మడం మొదలుపెట్టాను. అన్నం కలుపుకుంటూ కూడా నా కుడి పాదం వైపు చూసుకునేదాన్ని. వణుకు కారుదా, నాదా?

తర్వాత కారులో, ఇంజన్‌కి ఏదో అయిందని చెప్పే లైటు వెలిగింది. అప్పుడు ఆయనకూ అనుమానం వచ్చి, ఫోన్లో వీడియోలు చూసి స్పార్క్ ప్లగ్గులు మార్చారు. వణుకు వీసమెత్తు తగ్గలేదు. "చూశావా, కారులో ఏం లేదు" అని చేతులు కడుక్కున్నారు. ఆహా, ఏం తీర్పు!

ఆ శనివారం ఇక ఉండబట్టలేక నేనే బానెట్ ఎత్తాను. గాలి వడకట్టే ఫిల్టరు ఉండే నల్లడబ్బా క్లిప్పులు ఊడదీసి చూస్తే, అడుగున తెల్లగా గింజలు. వేలితో తీసి చూశాను. సోనామసూరి.

"ఏవండీ! మీ బియ్యం ఇక్కడున్నాయి, రండి!"

ఆ మధ్య ఇండియా నుంచి బియ్యం రావట అని వాట్సాప్‌లో గోలెత్తినప్పుడు, కరువొచ్చి పడినట్టు మా ఆయన మూటల మీద మూటలు మోసుకొచ్చి ఈ గ్యారేజీలోనే పేర్చారు. బియ్యం ఉన్నచోటికి ఎలుకలకి ఎవరైనా దారి చూపించాలా? ఎలుక అన్నాక గింజలతో ఊరుకోదు, పళ్లకి ఏది దొరికితే అది కొరుకుతుంది.

గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి ఇంజన్ స్టార్ట్ చేయమన్నాను. పాటలు ఆపమన్నాను. చున్నీ తీసి పక్కన పడేసి, జుట్టు ముడేసుకుని, ఇంజన్ ఫ్యానుకి దూరంగా నిలబడి విన్నాను. వెనకెక్కడో సుయ్‌మంటోంది. గాస్కెట్ పాడైన కుక్కర్ చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే తెచ్చి రబ్బరు గొట్టాల మీద ఒక్కొక్కచోటే కొట్టుకుంటూ పోయాను. వెనకున్న సన్న గొట్టం మీద నీళ్లు పడగానే ఇంజన్ ఒక్క క్షణం సర్దుకుంది. మళ్లీ వణికింది. మళ్లీ కొట్టాను, మళ్లీ సర్దుకుంది. ఇంజన్ ఆపించి గొట్టం వంచి చూస్తే అడుగువైపు పళ్ల గాట్లు, మధ్యలో చిల్లు. ఆ చిల్లులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. వేగంగా పోతుంటే ఆ కాస్త గాలి ఒక లెక్క కాదు. కారు ఆగినప్పుడు మాత్రం దానికే ఇంజన్ తడబడుతోంది.

"మద్దెల నిజంగానే ఓడండీ" అన్నాను.

ఆయన గొట్టం వైపు చూశారు, మూటల వైపు చూశారు. "సారీనే" అని, చిల్లుపడ్డ గొట్టం పట్టుకుని పార్ట్స్ షాపుకి బస్సులో వెళ్లారు. కొత్తది తెచ్చి ఇద్దరం బిగించాం. స్టార్ట్ చేస్తే స్టీరింగ్ కదల్లేదు, మెదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది. సంతోషంతో కాదు, కోపంతో. ఇన్నాళ్లూ పాపం నా కాలిని నేనే తిట్టుకున్నాను.

సోమవారం టెస్టుకి మళ్లీ ఆ నెరిసిన జుట్టు ఆవిడే వచ్చింది. అదే వీధి, అదే స్టాప్ సైన్. ఆపాను. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. సీటు నిశ్చలంగా ఉంది. బ్రేకు మీద నా కుడికాలు మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఓరి దేవుడా, ఇది నాదే! తప్పు తోయడానికి ఈసారి ఎలుక కూడా లేదు. ఊపిరి పీల్చుకుని ఎడమకి చూశాను, కుడికి చూశాను, మళ్లీ ఎడమకి చూశాను. వణికే కాలుతోనే బ్రేకు వదిలి కదిలాను.

తిరిగొచ్చి పార్క్ చేశాక ఆవిడ "పాస్" అంది. బయట నిలబడి గోళ్లు కొరుక్కుంటున్న మా ఆయన పరుగున వచ్చారు.

"కారు షేక్ అయిందా?"

"లేదండీ. నేనే అయ్యాను. అయినా పాసయ్యాను."

ఆయన నవ్వలేదు. తాళాల కోసం అలవాటుగా చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.