ఖండ్యా పొట్ట మీద బొచ్చు

కొల్హాపూర్‌లో ఓ కుక్కల ఆసుపత్రిలో భికాజీ పని, కుక్కల్ని బల్ల మీద కదలకుండా పట్టుకోవడం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఏ కుక్కకు ఏ రోగమో డాక్టరు కన్నా ముందే అతని అరచేతికి తెలిసిపోతుంది. తెలిసి ఏం లాభం? అరచేతికి డిగ్రీ లేదు కదా.

ఆషాఢంలో మాలినీబాయి తన కుక్క ఖండ్యాని తీసుకొచ్చింది. "బిందెడు నీళ్లు తాగుతోంది డాక్టర్ సాహెబ్, ఇల్లంతా తడిపేస్తోంది" అంది. దాని పొట్ట కుండలా వేలాడుతోంది. పొట్ట మీద బొచ్చంతా రాలిపోయింది.

"సాహెబ్, కిడ్నీ పక్కన ఎడ్రినల్ గ్రంథిలో గడ్డేమో. ఒక్కసారి స్కాన్ తీయండి" అన్నాడు భికాజీ.

"నిన్ను పట్టుకోమన్నానా, వైద్యం చెయ్యమన్నానా?" అని నవ్వాడు డాక్టర్ సబ్నీస్. "ముసలితనం బాయీ, అంతే. కొబ్బరినూనె రాయండి. నీళ్ల గిన్నె దాచేయండి."

ఆమె దాచేసింది. ఖండ్యా స్నానాలగదిలో మోరీ మురికినీళ్లు నాకింది.

దీపావళి వెళ్లాక స్కాన్ తీస్తే నిమ్మకాయంత గడ్డ కనబడింది. పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి పాకిపోయింది కూడా.

"ముందే తెస్తే తేలిగ్గా తీసేసేవాణ్ణి. మీ జనమంతా ఇంతే, పీకల మీదికొచ్చాకే వస్తారు!" అని డాక్టరు విసుక్కున్నాడు. తప్పంతా తనదే అనుకుని మాలినీబాయి తలవంచుకుంది.

ఆపరేషన్ రోజున ఖండ్యా మత్తులో పడుకుని ఉంది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "భికాజీ, పొట్ట మీద బొచ్చు గొరుగు" అన్నాడు.

భికాజీ బొచ్చు గొరిగే మిషను పక్కన పెట్టేశాడు.

"గొరగడానికేం మిగిలింది సాహెబ్? ఆ పని ఆషాఢంలోనే రోగం చేసిపెట్టింది. మీరూ చూశారుగా."